చేతికి తగిన కత్తి

రేడియో కొనదలచిన గృహస్థు తొందరపడడు. ఇరుగుపొరుగు వారిని విచారించును. నాలుగు దుకాణములు తిరిగి ఏ పెట్టె గొంతు స్పష్టముగా నున్నదో వినును. చెడిపోయినచో బాగుచేయువాడు దగ్గరలో నున్నాడా యని కూడ అడుగును. అదే గృహస్థు కత్తి కొనవలసి వచ్చినప్పుడు బజారులో మెరయుచున్న దానినొకదానిని చేతికి తీసికొని, బొటనవ్రేలితో అంచు తాకి, బేరమాడి, కాగితములో చుట్టించుకొని ఇంటికి వచ్చును. రేడియో చెడిపోయిన పూట ఇంటిలో పాట వినబడదు. అంతకు మించిన నష్టము లేదు. కత్తి చెడ్డదైనచో వ్రేలు తెగును. దినమునకు రెండు పూటల మన ఇంటి ఆడవారి చేతిలో నుండు పనిముట్టును గూర్చి మనము చేయు విచారణ ఇంత కొద్దిగా నుండుట వింత.

శ్రీకాకుళము జిల్లా తీరమున ఈ సంగతి వేరు. ఆంధ్రదేశమునకు ఉత్తరపు కొననున్న ఇచ్ఛాపురము మండలములో, సముద్రపుటొడ్డున, డొంకూరు అను మత్స్యకారుల గ్రామమున్నది. అక్కడినుండి దక్షిణముగా కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములను కలుపుకొని ఉద్దానమందురు. ఉద్యానవనమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి సిరి. ఈ ప్రాంతమున కత్తితో బ్రదుకువారు పలువురు. వారిలో ఎవరును ఊరక ‘కత్తి’ కావలెనని అడుగరు. ఏ పనికి, ఎంత పొడవు, ఎంత బరువు, ఏ పిడి అని చెప్పి చేయించుకొందురు. వారి కోరికలలో ప్రతిదానికిని ఒక కారణమున్నది. ఆ కారణములను తెలిసికొన్నచో పట్టణములలోని మనకును కత్తి ఎన్నుకొనుట తెలియును. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది అదియే.

మొదట సముద్రము మీదికి పోవువారి మాట. పడవలో కత్తికి పనులు మూడు: త్రాడు కోయుట, వల బాగుచేయుట, చేప కోయుట. మునుపటి ప్రత్తినూలు వలలును నార త్రాళ్ళును పోయి నైలాను వచ్చిన తరువాత పడవ కత్తి స్వభావము మారవలసి వచ్చినది. తడిసిన నైలాను త్రాడుపై అద్దమువలె నునుపు చేసిన అంచు జారిపోవును. కంటికి కనబడనంత సన్నని గరుకు అంచునకున్నచో అది త్రాటి పోగులను పట్టి తెంచును. అందుచేత తెలిసిన మత్స్యకారుడు తన కత్తిని మెత్తని రాతిపై నూరవద్దనియు, ముదుక సానతోనే విడువుమనియు అడుగును. ఊగుచున్న పడవలో వాడి మొన ప్రక్కవానికి గ్రుచ్చుకొనును గనుక మొన మొద్దుగా నుండవలెను. చేయి జారినప్పుడు సముద్రము పాలు కాకుండ పిడికి రంధ్రము వేసి త్రాడు కట్టవలెను. ఇవి అలంకారములు కావు. వల దిగుచున్న వేళ త్రాడు కాలికి చుట్టుకొన్నచో, వల బరువుతో మనిషియు నీటిలోనికి పోవును. ఆ క్షణమున చేతికందిన కత్తి ఒక్క ఊపున తెంచవలెను. రెండవ ఊపునకు వ్యవధి యుండదు.

కొబ్బరిచెట్టు ఎక్కువాని కోరిక మరియొకటి. ఏబది అరువది అడుగుల ఎత్తున అతని యొక చేయి చెట్టును పట్టుకొని యుండును. రెండవ చేయి గెల కాడను నరకవలెను. కత్తి బరువైనచో ఎక్కునప్పుడు నడుమును లాగును. మరీ తేలికైనచో నాలుగు దెబ్బలు వేయవలసి వచ్చును. కాబట్టి మొత్తము బరువు తక్కువగా నుంచి, ఉన్న బరువును కొనవైపునకు జరిపించుకొనును. కొన కొంచెము వంగి యుండినచో కాడ చుట్టు పట్టు దొరకును. పిడి విషయమున అతడు చెప్పు మాట మిక్కిలి విలువైనది: గుండ్రని పిడి వలదు. చెమటపట్టిన అరచేతిలో గుండ్రని పిడి తిరుగును. తిరిగినచో అంచు ఎటు చూచుచున్నదో చేతికి తెలియదు. కోడిగ్రుడ్డు ఆకారమున నొక్కిన పిడి తిరుగదు. కన్ను చూడకపోయినను అంచు ఏ దిక్కున నున్నదో వ్రేళ్ళు చెప్పును. పిడి చివర కొంచెము లావుగా నుండినచో కత్తి జారిపోదు. క్రింద గెలలు ఏరుచున్నవారి తలలకు రక్షణ ఆ లావులోనే యున్నది.

మూడవది జీడిపప్పు పని. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు దేశమంతట పేరుపొందిన ఊళ్ళు. పిక్కను ఆవిరిలో ఉడికించియో వేయించియో, చేతితోను కాలితోను నడపు చిన్న యంత్రముపై రెండు వంపు బద్దల నడుమ నుంచి పగులగొట్టుదురు. తరువాత పప్పును ఆరబెట్టి పైపొరను తీయవలెను. చేతికి రాని పొరను తీయుటకు స్త్రీలు చిన్న కత్తిని వాడుదురు. ఈ కత్తి వాడిగా నుండరాదు! వినువారికి ఇది విపరీతముగా తోచును. కాని పప్పు ధర దాని నిండుతనమునుబట్టి యుండును. ‘డబ్ల్యూ 320’ అనగా పౌను తూకమునకు 300 నుండి 320 వరకు తూగు నిండు గుండ్లని యర్థము. అంచు వాడిగా నున్నచో పొరతోపాటు పప్పును తెగును. గీత పడిన పప్పు, విరిగిన పప్పు తక్కువ రకములోనికి పోవును. అందుచేత ఈ పనిచేయు స్త్రీకి కావలసినది పలుచనిది, పొట్టిది, గోకునది, కోయనిది. కత్తి మంచిదగుట వాడిమియందు లేదు, పనికి తగియుండుటయందున్నదని ఆమె చేతిలోని అంగుళమంత ఇనుపముక్క మనకు నేర్పుచున్నది. పిక్క తొక్కలోని నూనె చర్మమును పొక్కించును గనుక, పిక్క కొట్టుచోటి పనిముట్ల పిడులు ఆ నూనెను పీల్చని నునుపైన వస్తువుతో నుండవలెను.

ఇక ఇంటి సంగతి. మన వంటయిండ్లలో పూర్వమునుండి రాణి కత్తిపీట. పీటమీద కూర్చున్న స్త్రీకి రెండు చేతులును ఖాళీగా నుండును. కదలునది కూరగాయయే గాని కత్తి కాదు. సరిహద్దునకు ఆవలి ఒడియా ఇండ్లలోను దీనినే ‘పనికి’ అని పిలుచుదురు. ఇరుభాషలవారు కలిసియున్న ఇచ్ఛాపురము వైపు రెండు మాటలును వినబడును. చేపను బూడిదతో పట్టి తోముటకు, పనసకాయను నూనె రాచి కోయుటకు దీనికి సాటి లేదు. పట్టణములలో నిలువబడి వంట చేయు గట్టులు వచ్చిన తరువాత పీట మూలకు జరిగి చేతికత్తి ముందుకు వచ్చినది. కాని పనస తెచ్చిన దినమున మూలనున్న పీట తిరిగి నట్టింటికి వచ్చుట మేము పలు ఇండ్లలో చూచితిమి.

ఈ ప్రాంతమున ఒక కొలిమి యొద్ద మేము కొంతసేపు కూర్చుంటిమి. ఒక వృద్ధురాలు అరిగిపోయిన కత్తిపీటను ఒడిలో పెట్టుకొని వచ్చినది. కమ్మరి దాని అంచువంక చూడక ముందే ప్రశ్న వేసెను.

“ఏటికమ్మా ఇది? సేపకా, కూరకా?”

“రెంటికీని నాయినా.”

“రెంటికీ ఒకటే అంటే రెంటికీ సరిగ్గా రాదమ్మా. సేపెక్కువా, కూరెక్కువా?”

“సేపే ఎక్కువ. ముసిల్దాన్ని, ముల్లు తెగితే సాలు.”

“అయితే అంచు కొంచిం మందంగా ఉంచుతాను. కూరకి సెయ్యి బరువు పెట్టు.”

ఈ నాలుగు మాటలలో కత్తి శాస్త్రమంతయు నున్నదనవచ్చును. అంచు పలుచనైనచో సులువుగా కోయును, కాని ఎముక తగిలిన చోట విరుగును. మందమైనచో నిలుచును, కాని కూరగాయను కోయుటకు బదులు చీల్చును. కూరలు కోయు కత్తికి అంచు ప్రక్కలు ఒక్కొక్కటి 15 మొదలు 20 డిగ్రీల వాలుగా నుండుట మంచిది; నరుకుడు కత్తికి 25 మొదలు 30 వరకు ఉండవలెను. ఒకే కత్తి రెండు పనులును చేయునని చెప్పి అమ్మువాడు రెంటిలో ఒకదానిని మన చేత వదలించుచున్నాడని తెలిసికొనవలెను.

ఇక కత్తి దేనితో చేయబడును? ఇనుమునకును ఉక్కునకును భేదము కర్బనములో నున్నది. నూటికి కాలు పాలైనను కర్బనము లేని మెత్తని ఇనుము ఎంత కాల్చి నీటిలో ముంచినను గట్టిపడదు. ఇంటి కిటికీ కమ్మీలు ఇట్టివి. వానితో చేసిన కత్తి మొదటి దినమున తెగి రెండవ దినమున మొద్దుబారును. లారీల క్రింది కమాను పట్టీలలో కర్బనము సుమారు 0.5 నుండి 0.6 శాతము వరకుండును. మన దేశపు పట్టీల ఉక్కులో సిలికానును కలియును. దెబ్బకు వంగి తిరిగి లేచుట ఆ ఉక్కు గుణము. అందుచేతనే పల్లెటూరి కమ్మరులు పాత కమాను పట్టీలకు ప్రాధాన్యమిత్తురు. నేపాళములో గూర్ఖాల కుక్రీలు చేయు కమ్మరులును పాత వాహనముల కమాను పట్టీలనే కోరుట గమనింపదగినది. ఆకురాయిలో కర్బనము 1 శాతమునకు పైగా నుండును. దానితో చేసిన అంచు చాలకాలము నిలుచును గాని క్రింద పడినచో గాజువలె విరుగును.

పాత పట్టీలలో ఒక ప్రమాదమున్నది. సంవత్సరముల తరబడి బరువు మోసిన ఉక్కులో కంటికి కనబడని పగుళ్ళు ఏర్పడును. తెలిసిన కమ్మరి దానిని ముక్కలుగా కోసి, కాల్చి, వంచి చూచి, పగులున్న ముక్కను పారవేయును. తొందరగా అమ్మవలెనను వాడు ఆ పని చేయడు. కత్తి మధ్యకు విరిగినది అని మనము ఫిర్యాదు చేయు వేళ ఆ పగులు కత్తికంటె పాతదై యుండవచ్చును.

ఉక్కు మంచిదైనంతమాత్రమున కత్తి మంచిది కాదు. కొలిమిలో దానిని ఎర్రగా కాల్చునప్పుడు సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీలు దాటగానే అయస్కాంతము దానిని ఆకర్షింపదు. అంతకు కొంచెము పైన, ఉక్కు లోపలి యమరిక మారిన వేళ, చల్లార్చినచో గట్టిపడును. ఉష్ణమాపకము లేని కమ్మరి దీనిని రంగునుబట్టి పోల్చును. కొలిమి పాక లోపల చీకటిగా నుండుట కిదియొక కారణము. ఎండలో ఎరుపు తెలియదు. సిలికాను గల పట్టీ ఉక్కును నూనెలో చల్లార్చుట క్షేమము. నీటిలో పూర్తిగా ముంచినచో ఒక్కొక్కప్పుడు పగులును. అందుచేత అంచును మాత్రమే ముంచి వెన్నును మెత్తగా విడుచుట పలువురికి అలవాటు.

చల్లార్చిన ఉక్కు గట్టిది కాని పెళుసైనది. దానిని మరల కొంచెము కాచవలెను. మెరుగుపెట్టిన ఉక్కుపై అప్పుడు రంగులు ప్రాకును: సుమారు 225 డిగ్రీలయొద్ద లేత గడ్డి రంగు, 255 యొద్ద గోధుమ రంగు, 280 యొద్ద ఊదా, 300 యొద్ద నీలము. కూర కత్తిని గడ్డి రంగునొద్ద ఆపవలెను. నరుకుడు కత్తిని ఊదా వరకు పోనీయవలెను. కన్ను మూసి తెరచునంతలో రంగు దాటిపోవును. కొనువాడు ధర యిచ్చునది ఇనుమునకు మాత్రమే యనుకొనును. నిజమునకు ఆ కన్నునకును ఇచ్చుచున్నాడు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. నేటి తెలంగాణలో నిజామాబాదు జిల్లాకు చెందిన కోనసముద్రమను గ్రామమున మూసలలో కరగించి తీసిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. 19వ శతాబ్ది తొలి దశలలో హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ పనిని చూచి వర్ణించెను. ఈ ఉక్కునకు ఐరోపాలో ‘వూట్జ్’ అని పేరు. అది మన ‘ఉక్కు’ అను మాటకు వచ్చిన వికారమని పలువురి అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ దీనిని గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. విద్యుచ్ఛాస్త్రమున కీర్తి గడించిన మైకేల్ ఫారడే యౌవనమున, కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టుతో కలిసి, ఈ ఉక్కు రహస్యమును తెలిసికొనుటకు పరిశోధనలు చేసెను. దీనిలో కర్బనము 1.5 శాతమునకు అటునిటుగా నుండుటయు, నెమ్మదిగా చల్లారుటయు కలిసి కత్తిపై నీటి అలలవంటి గీతలను తెచ్చినవి.

ఆ గీతలను నేటి కొనువారు మరల కోరుచున్నారు. ఇప్పుడు ‘డమాస్కస్’ అని అమ్ముచున్న కత్తులలో పెక్కింటి గీతలు వేరు విధమున వచ్చినవి: రెండు మూడు రకముల ఉక్కు రేకులను పేర్చి, కాల్చి, అతికి, మడిచి, చివర ఆమ్లములో ముంచి తీసినవి. ఇది నేర్పుతో కూడిన పనియే. తప్పు పట్టవలసినది లేదు. కాని కొన్నిటిపై గీతలు పైపై ముద్రింపబడినవి మాత్రమే. ఒక మూల కొంచెము అరగదీసి మరల ఆమ్లము రాచినచో నిజమైన గీత తిరిగి కనబడును, ముద్ర కనబడదు. గీత ఉన్నను లేకున్నను కత్తి తెగుట అంచుననున్న ఉక్కుపై ఆధారపడియుండునని మాత్రము మరువరాదు.

ఇక తుప్పు పట్టని ఉక్కు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ సుమారు 13 శాతము క్రోమియము కలిపిన ఉక్కును తయారుచేసెను. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కుపై కంటికి కనబడని పలుచని పొరగా నిలుచును. ఆ పొర తుప్పును ఆపును. ఇది కోయదని ఆ నగరపు కత్తుల పనివారు మొదట పెదవి విరిచిరి. ఆనాడు దానిని కాచి గట్టిపరచు పద్ధతి వారికి అలవడలేదు. నేడు మంచి రకపు తుప్పు పట్టని కత్తులు చక్కగా కోయును. కాని బజారులో తక్కువ ధరకు దొరకునవి పెక్కు మెత్తనివి. వానిని సాన పట్టుటయు కష్టమే, పట్టిన సాన నిలుచుటయు కష్టమే.

సముద్రతీరమున ఈ తగవు తీవ్రముగా నుండును. ఉప్పుగాలి తగిలిన నల్లయుక్కు ఒక రాత్రిలో తుప్పెక్కును. వంకాయ, అరటికాయ, పచ్చి మామిడి దానితో కోసినచో వాని వగరు ఇనుముతో కలిసి ముక్కలను నల్లబరచును. ఈ కారణములచే పిన్నలు మెరయు కత్తిని కోరుదురు. పెద్దలు నల్ల కత్తిని విడువరు. రెండు మార్లు రాతిపై లాగినంతనే అది తిరిగి వాడియగును. ఇరువురి మాటయు సత్యమే. రోజూ తుడిచి నూనె రాయు ఓపిక గల ఇంట నల్ల కత్తి తరములు నిలుచును. తొట్టిలో తడిగా పడియుండు ఇంట మెరయు కత్తియే మేలు. ఉక్కును ఎన్నుకొనుటకు ముందు మన యలవాటును మనము నిజాయితీతో చూచుకొనవలెను.

పిడి సంగతి చెప్పవలసియున్నది. కత్తి చెడుట కంటె ముందు పిడి వదులగుట ఎక్కువ. ఆరని కలపతో పిడి చేసినచో వేసవిలో అది ముడుచుకొని ఇనుము ఆడును. టేకులో సహజమైన నూనె యుండుటచేత నీటిని తట్టుకొనును. తుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చును. చింత యెంత గట్టిదో మాంసము కొట్టు మొద్దు చెప్పును. పనస చూపునకు పసుపువన్నెతో అందమైనది, చక్కగా చెక్కుటకు వచ్చును. బొబ్బిలి వీణె పుట్టునది ఈ కలపనుండియే. తీరమున విరివిగా పెరుగు సరుగుడు గట్టిదే కాని ఆరునప్పుడు పగులును. తోటలనిండ ఉన్న జీడిమామిడి కలప మెత్తనిది, పిడికి పనికిరాదు. పిడికిని ఇనుమునకును కలియుచోట ఇత్తడి పొన్ను వేయించుకొన్నచో కలప చీలదు, తుప్పును పట్టదు.

కొమ్ము పిడిని కోరువారును కలరు. టెక్కలికి దూరము కాని పర్లాకిమిడి కొమ్ము పనికి ప్రసిద్ధి చెందినది. కొమ్ము నునుపుగా, చేతికి చల్లగా, చూచుటకు గంభీరముగా నుండును. అయితే అది తేమను పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును; పెట్టెలో విడిచినచో పురుగు తినును. బల్లమీది కత్తికి కొమ్ము శోభ. చేపల తొట్టిప్రక్క కత్తికి కలపయో ప్లాస్టిక్కో మేలు. ప్లాస్టిక్కును చిన్నచూపు చూడరాదు. పడవలో అది ఉప్పునీటిని పీల్చదు. ఎఱ్ఱనిదియో పసుపుదియో యైనచో చీకటిలో వెదకుటకు సులువు.

కొనబోవువారికి నాలుగు పరీక్షలు చెప్పుదుము. పిడి పట్టి విదిలించి చూడుడు. శబ్దము వచ్చినచో వలదు. వెన్నువైపునుండి కంటికి ఎదురుగా పట్టి చూడుడు. గీత వంకరగా నున్నచో చల్లార్చునప్పుడు వంగినదని తెలియును. కమ్మరి అంగీకరించినచో ఆకురాయిని అంచుపై మెల్లగా లాగించుడు. గట్టి అంచుపై అది జారును, మెత్తని అంచును కొరుకును. చివరగా కత్తిని చేత పట్టుకొని కోయుచున్నట్లు పదిమార్లు ఆడింపుడు. వాడునది ఇంటి యిల్లాలైనచో ఆమె చేతనే ఆడింపవలెను. పురుషుడు తన అరచేతికి సరిపోయిన పిడిని కొని తెచ్చి, దానితో జీవితమంతయు ఆమె పని చేయవలెననుట న్యాయము కాదు.

కత్తి కొనుటకు చట్టము అడ్డురాదా యని అడుగువారుందురు. 1959 నాటి ఆయుధముల చట్టము ఇంటిపనికిని వ్యవసాయమునకును మాత్రమే ఉద్దేశింపబడిన పనిముట్లను ఆయుధములుగా లెక్కింపలేదు. కత్తిపీటకును కొడవలికిని భయపడనక్కరలేదు. ప్రయాణమున మాత్రము గుడ్డ చుట్టి, సామానులో అడుగున నుంచుకొనుట మర్యాదయు క్షేమమును.

చివరి మాట కమ్మరిని గూర్చి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరిచెట్లును జీడితోటలును నేలకూలినవి. చెట్లు అడ్డముగా పడి దారులు మూసికొనిపోయినవి. కరెంటు స్తంభములు ఒరిగినవి. అట్టి దినములలో ఇంటిలో ఒక మంచి కత్తియు గొడ్డలియు నున్నవాడు తనకును పొరుగువానికిని దారి తీయగలడు. బజారు మూతపడినప్పుడు మొద్దుబారిన పనిముట్టును ఆ పూటనే తిరిగి వాడిచేసి యివ్వగలవాడు ఊరిలో కొలిమి గలవాడొక్కడే. తుపాను తరువాత నాటిన పొడుగు రకపు కొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఐదారేండ్లు కావలెను. కొలిమిపని నేర్చిన కన్ను తయారగుటకును అన్ని యేండ్లు పట్టును. ఒకమారు ఆరిపోయిన కొలిమిని నాటుటకు మాత్రము మొక్క దొరకదు.

కమ్మరి చేసిన కత్తికి కర్మాగారపు కత్తికంటె కొంత హెచ్చు ఈయవలసి రావచ్చును. ఆ హెచ్చులో మన చేతి కొలత యున్నది, మన పని తీరు నున్నది, అరిగినప్పుడు తీసికొనిపోయి మరల అంచు పెట్టించుకొను హక్కు నున్నది. మేము కొలిమి విడిచి లేచునప్పటికి ఆ వృద్ధురాలు తన పీటను తిరిగి తీసికొని, అంచును వ్రేలితో తాకక, కొంగుపోగు నొకదానిని దానిపై ఆనించి చూచుకొన్నది. పోగు రెండైనది. ఆమె మాటాడక డబ్బిచ్చి వెళ్ళినది. రాబోవు మారు కత్తి కొనునప్పుడు మన శ్రోతలు ఆమె చేసిన పనియే చేయుదురుగాక: మొదట తమ పనిని చెప్పి, పిమ్మట తమ చేతిని చూపి, చివరకు ఒక పోగుతో పరీక్షించి, ఆ మీదట ధర అడుగుదురుగాక.